ఒక్క తేదీ, బోలెడు పాటలు - 4వ పాఠం: రాత్రి పన్నెండు దాటాక

పోయిన పాఠంలో ఆగస్టు 16 ఇచ్చి, ఆ రోజు పాపులర్ మ్యూజిక్‌లో ఏం జరిగిందో నాలుగు లైన్లు రాయమన్నాను కదా. తేలిక తేదీ ఇచ్చానని మురిసిపోయా, తప్పు నాదే. పుట్టుకలూ చావులూ అందరూ కరెక్టుగా పట్టేశారు, 1938లో రాబర్ట్ జాన్సన్, 1977లో ఎల్విస్ ప్రెస్లీ, 2018లో అరీతా ఫ్రాంక్లిన్ పోయారు, 1958లో మడోన్నా పుట్టింది. 1962లో బీటిల్స్ నుంచి డ్రమ్మర్ పీట్ బెస్ట్‌ని తీసేసింది కూడా ఆ రోజేనని కొందరు రాశారు, శభాష్. ఆ తర్వాత మొదలైంది గోల, అమెరికాలో కొన్ని రోజులపాటు జరిగిన పెద్ద సంగీతోత్సవం వుడ్‌స్టాక్‌తో.

"1969 ఆగస్టు 16, వుడ్‌స్టాక్‌లో జిమి హెండ్రిక్స్" అని ఎంతమంది రాశారో! హెండ్రిక్స్ స్టేజీ ఎక్కింది 18న, సోమవారం పొద్దున, అప్పటికి జనం సగానికి పైగా ఇళ్ళకి పోయారు. ఇంకొంతమంది ద హూ బ్యాండ్‌ని 16న వేశారు. వాళ్ళ మీద నాకంత కోపం లేదు, ఎందుకంటే శనివారం లిస్టులోనే వాళ్ళ పేరుంది, కానీ ప్రోగ్రాం లేటయ్యీ లేటయ్యీ వాళ్ళ వంతు వచ్చేసరికి ఆదివారం తెల్లవారబోతోంది, అంటే 17. మీరు రాసినవాళ్ళలో శాంటానా బ్యాండ్ ఒక్కటే నిఖార్సుగా 16, మధ్యాహ్నం వాయించారు కాబట్టి.

ఈ వారం రిలీజ్ తేదీల గురించి చెప్దామనుకున్నా, అది పక్కన పెట్టేస్తున్నా, ముందు ఈ అర్ధరాత్రి సంగతి తేలాలి. పాత పేపర్లు ఎలా వెతకాలో చెప్పను, అది మీకొచ్చు.

చూడండి, సంగీతం వాళ్ళకి రోజు అయిపోయేది పడుకున్నప్పుడు, పన్నెండుకి కాదు. ఇరవై ఏళ్ళ తర్వాత ఇంటర్వ్యూలో "ఆ శనివారం రాత్రి" అంటారు, మనం క్యాలెండర్‌లో శనివారం చూసి రాసేస్తాం. పోస్టర్ చూసినా అంతే, అది ముందే అచ్చవుతుంది, వానొస్తుందని దానికేం తెలుసు. అమెరికాలో 1959 ఫిబ్రవరి 2 రాత్రి అయోవాలోని క్లియర్ లేక్‌లో రాక్ గాయకుడు బడ్డీ హాలీ పాడాడు, అక్కణ్ణుంచి ఆయనెక్కిన విమానం కూలి ఆయన పోయింది మాత్రం పన్నెండు దాటాక, 3వ తేదీన. ఒకే రాత్రి, రెండు తేదీలు, రెండు ఎంట్రీలు. 1985లో ఆఫ్రికా కరువు సాయం కోసం అమెరికన్ గాయకులంతా లాస్ ఏంజిలిస్‌లో ఒక పాట రికార్డు చేశారు, జనవరి 28 రాత్రి మొదలెట్టి 29 పొద్దునదాకా. దాన్ని 28న వేసినా 29న వేసినా "రాత్రి మొదలై" అన్న ముక్క ఉండాలి, లేకపోతే నేను కొట్టేస్తా.

ఇంకో తలనొప్పి, ఊరు మారితే తేదీ మారడం. బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్‌ని న్యూయార్క్‌లో కాల్చింది 1980 డిసెంబర్ 8, రాత్రి పదకొండు కావస్తుండగా. లండన్‌లో అప్పటికే 9, తెల్లవారుజామున నాలుగు కావస్తోంది. ఇంగ్లండ్ వాళ్ళు ఆ వార్త విన్నది 9నే, ఆ రోజే జరిగినట్టు వాళ్ళకి గుర్తుండిపోతే తప్పేం లేదు. కానీ రాసేటప్పుడు సంఘటన ఎక్కడ జరిగిందో ఆ ఊరి గడియారమే లెక్క, దీని మీద నాతో వాదించకండి.

నా షార్ట్‌కట్ ఒకటుంది, ఏ తేదీ రాసినా పక్కన వారం కూడా రాసుకుంటా. "1969 ఆగస్టు 17, శనివారం రాత్రి" అని కాగితం మీద కనబడితే 17 ఆదివారం కదా అని అక్కడే పట్టుబడుతుంది.

టీవీ షూటింగ్ సంగతి ఒక్క ముక్కలో: మైకేల్ జాక్సన్ టీవీలో మొదటిసారి మూన్‌వాక్ చేసిన షోని 1983 మార్చి 25న తీశారు, మే 16న ప్రసారం చేశారు. నేనైతే మే 16నే రాస్తా, లోకమంతా చూసింది అప్పుడే కాబట్టి, హాల్లో కూర్చుని చూసినవాళ్ళకి అన్యాయమే అనుకోండి. మీరు మార్చి రాసినా మార్కులు తగ్గించను, "షూటింగ్" అన్న మాట ఉంటే చాలు.

హోంవర్కు ఈసారి ఒక్కటే, కానీ కష్టం. 1985 జులై 13, శనివారం, లైవ్ ఎయిడ్, అంటే కరువు సాయం కోసం రెండు దేశాల్లో పెట్టి టీవీలో చూపించిన కచేరీ. లండన్ వెంబ్లీలో మధ్యాహ్నం పన్నెండుకి మొదలైంది, ఫిలడెల్ఫియాలో రాత్రి పదకొండు దాటాక ముగిసింది. ఫిలడెల్ఫియా గడియారం లండన్ కంటే అయిదు గంటలు వెనక. మొత్తం ఎన్ని గంటలు నడిచింది, చివరిదాకా టీవీలో చూసిన లండన్ వాడు ఏ తేదీన పడుకున్నాడు, లెక్కేయండి. తర్వాత, గాయకుడూ డ్రమ్మరూ అయిన ఫిల్ కాలిన్స్ లండన్‌లో పాడి, ధ్వని కంటే వేగంగా ఎగిరే కాంకార్డ్ విమానమెక్కి వెళ్ళి అదే రోజు ఫిలడెల్ఫియాలో కూడా వాయించాడు కదా, ఆ సంగతి ఎవరూ వేలెత్తి చూపలేనట్టు ఒక్క వాక్యంలో రాయండి. రెండు వాక్యాలైతే చదవను.