పార్సిల్ తీసుకెళ్లేటప్పుడు టిప్పు ఎలా ఇవ్వాలి?

హోటల్లో కూర్చుని తిన్నప్పుడు టిప్పు ఎవరికివ్వాలో అందరికీ తెలుసు. నీళ్లు పోసి, వడ్డించి, చివరికి సోంపుతో పాటు బిల్లు తెచ్చిన మనిషి ఎదురుగానే ఉంటాడు కనుక ఆ పళ్లెంలోనే కొంత డబ్బు ఉంచి లేస్తాం. పార్సిల్ కట్టించుకున్నప్పుడు మాత్రం డబ్బు తీసుకునేది ఒకరు, డబ్బాల్లో సర్దేది మరొకరు, సంచి తెచ్చి చేతికిచ్చేది ఇంకొకరు. శనివారం రాత్రి హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోనో టోలీచౌకీలోనో బిర్యానీ కౌంటర్ ముందు టోకెన్ పట్టుకుని నిలబడ్డప్పుడు, ఎవరికైనా ఏమైనా ఇవ్వాలా అన్న సందేహం చాలామందికి వచ్చే ఉంటుంది. పార్సిల్‌కు టిప్పు ఇవ్వడం మన బాకీ కాదు. అయితే మన కోసం ఎవరైనా అదనంగా శ్రమపడితే మాత్రం ఇవ్వాలనీ, ఆ డబ్బు శ్రమపడిన మనిషి చేతికే చేరేలా చూడాలనీ నేను గట్టిగా నమ్ముతాను.

మొదట చేయవలసిన పని బిల్లు చదవడం. ఉదాహరణకు 600 రూపాయల బిర్యానీలకు 20 రూపాయల ప్యాకింగ్ చార్జి కలిపితే 620 అవుతుంది. దానిపై 5 శాతం జీఎస్టీ 31 రూపాయలు చేరి మొత్తం 651 అవుతుంది. ఇందులో పన్ను ప్రభుత్వానికి వెళుతుంది, ప్యాకింగ్ చార్జి హోటల్ లెక్కలో పడుతుంది. ప్యాకింగ్‌కు డబ్బు తీసుకున్నారు కాబట్టి ప్యాక్ చేసినవారికి అందులో వాటా ఉంటుందని అనుకోవద్దు. అది డబ్బాల ఖర్చు కింద వేసే మొత్తం.

బిల్లులో సర్వీస్ చార్జి అనే వరుస కూడా ఉంటే అక్కడే ఆగండి. అది పన్ను కాదు, తప్పనిసరీ కాదు. హోటళ్లు సర్వీస్ చార్జిని తమంతట తాము బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. వడ్డనే లేని పార్సిల్‌పై ఆ చార్జి వేయడం మరీ అన్యాయం. తీసేయమని మర్యాదగా అడగండి. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. ఆ కోపాన్ని కౌంటర్‌లో ఉన్న కుర్రాడిపై చూపకండి, ఎందుకంటే బిల్లులో ఏముండాలో నిర్ణయించేది అతను కాదు.

రెండవది, మీ కోసం ఎవరు ఏం చేశారో గమనించడం. సిద్ధంగా ఉన్న నాలుగు ఇడ్లీ పొట్లాలు అందుకుని వచ్చేసినప్పుడు టిప్పు అవసరం లేదు, నవ్వుతూ ఒక మాట చెబితే చాలు. అదే వానలో తడుస్తూ సంచిని రోడ్డుకు అవతల నిలిపిన కారు దాకా తెచ్చిస్తే అది అదనపు శ్రమ. పిల్లల కోసం కారం లేని డబ్బా వేరుగా కట్టి గుర్తు పెట్టినా, సాలన్, రైతా కారిపోకుండా మూతలకు రెండోసారి టేపు చుట్టినా అంతే. రంజాన్ నెలలో ఇఫ్తార్‌కు ముందు హలీం కౌంటర్ల దగ్గర, డిసెంబర్ 31 రాత్రి బిర్యానీ హోటళ్ల దగ్గర పనిచేసేవారికి ఊపిరి తీసుకునే సమయం కూడా ఉండదు. అలాంటి రోజున ఓపికగా, లెక్క తప్పకుండా సర్ది ఇచ్చిన మనిషిని వట్టి చేతులతో వదిలి రావడం నాకు మనసొప్పదు.

ఎంత ఇవ్వాలన్నది మూడవ ప్రశ్న. అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు అక్కడి శాతాలను ఇక్కడికీ తెస్తుంటారు. అక్కడ టిప్పులు అందుకునే పనివారికి యజమాని ఇవ్వవలసిన కనీస కూలి, సమాఖ్య చట్టం ప్రకారం, 1991 నుంచి గంటకు 2.13 డాలర్ల దగ్గరే ఉంది. చాలా రాష్ట్రాలు అంతకంటే ఎక్కువ ఇప్పిస్తాయి. వడ్డించేవారి సంపాదనలో పెద్ద భాగం టిప్పే కనుక 15, 20 శాతం ఇవ్వడం అక్కడ ఆనవాయితీ. మన దగ్గర ఆ ఏర్పాటు లేదు కనుక శాతాలు పక్కన పెట్టి, పనిని బట్టి ఇవ్వండి. కారు దాకా తెచ్చిన కుర్రాడికి 20 రూపాయలు, పది పన్నెండు మందికి సరిపడే పార్సిల్ జాగ్రత్తగా సర్దినవారికి 50, ఇంట్లో వేడుక కోసం ముప్పై మందికి కట్టించుకుంటే 100 నుంచి 200 వరకు నాకు సబబుగా తోస్తుంది. చేతిలో అంత లేనివారు ఇవ్వకపోయినా ఎవరూ తప్పుపట్టరు.

నాలుగవదే అన్నిటికంటే ముఖ్యం: డబ్బు ఎలా చేరుతుందో చూసుకోవాలి. మా అమ్మానాన్నల పెళ్లిరోజుకు ఒక హోటల్లో పెద్ద పార్సిల్ చెప్పి, కౌంటర్‌లోని క్యూఆర్ కోడ్‌కు బిల్లుతో పాటు 100 రూపాయలు ఎక్కువగా పంపాను. సర్దినవాళ్లకు ఇవ్వమని క్యాషియర్‌కు చెప్పాను, ఆయన తలూపారు. వారం తర్వాత మళ్లీ వెళ్లినప్పుడు ప్యాకింగ్ బల్ల దగ్గరి అబ్బాయిని అడిగితే ఆ సంగతే తెలియదన్నాడు. ఆ కోడ్ హోటల్ ఖాతాది; మనం ఎక్కువ పంపినా అది రోజువారీ అమ్మకంలో కలిసిపోతుంది. అప్పటి నుంచి నేను బిల్లు ఫోన్‌తో కట్టినా, టిప్పు కోసం పదులూ ఇరవైలూ జేబులో ఉంచుకుంటున్నాను. నోట్లు లేకపోతే ఆ వ్యక్తి సొంత ఫోన్‌కు పంపవచ్చా అని అడగండి. కౌంటర్‌పై టిప్పు డబ్బా ఉంటే, దాన్ని అందరూ పంచుకుంటారా అని పనివాళ్లనే అడిగి తెలుసుకుని వేయండి.

యాప్‌లో తెప్పించుకున్నప్పుడు అందులో ఇచ్చే టిప్పు డెలివరీ చేసే వ్యక్తి కోసం ఉద్దేశించినది. వంటింట్లో సర్దినవారికి చేరదు. లిఫ్టు లేని ఇంట్లో నాలుగో అంతస్తు ఎక్కి వచ్చిన మనిషికి ముందు మంచినీళ్లు ఇచ్చి, ఆపై చేతికి డబ్బు ఇవ్వడం మంచిది.

ఇచ్చే తీరు గురించి కూడా చెప్పాలి. నోటు బల్లపై విసరకండి, చెల్లని చిరుగు నోటును వదిలించుకోకండి, పక్కనున్నవారికి వినబడేలా మొత్తం చెప్పకండి. కుడిచేత్తో అందిస్తూ “తమ్ముడూ, ఇది నీకు” అనండి. ఈ నగరపు హోటళ్లలో బీహార్, ఒడిశా, బెంగాల్, అస్సాం నుంచి వచ్చి పనిచేస్తున్నవారు చాలామంది. వారితో “భాయ్, యే ఆప్‌కే లియే” అంటే సరిపోతుంది. దీన్ని పాత హైదరాబాదీలు బక్షీస్ అంటారు. వరుస దాటించి మన టోకెన్ ముందు పిలిపించుకోవడానికి ఇచ్చేది మామూలు, అంటే లంచం అవుతుంది, అది వెనక నిలబడ్డవారికి చేసే అన్యాయం. అందుకే పార్సిల్ చేతికి వచ్చాకే ఇవ్వండి, ముందుగా ఇవ్వకండి.

కొన్ని హోటళ్లలో టిప్పు తీసుకోవద్దని పనివారికి ఆంక్ష ఉంటుంది. అతను వెనక్కి తగ్గితే బలవంతంగా జేబులో పెట్టకండి, ఉద్యోగానికే ఇబ్బంది రావచ్చు. పేరు అడిగి తెలుసుకుని, బయటికి వస్తూ మేనేజర్ దగ్గర ఆగి, ఆ అబ్బాయి పార్సిల్ ఎంత శ్రద్ధగా కట్టాడో పేరుతో సహా చెప్పి రండి.