పాతబస్తీ ఇంటికి మేస్త్రిని పిలిచే ముందు

చార్మినార్ చుట్టుపక్కలా గోల్కొండ కోట దగ్గరా పాత ఇళ్ళున్నవాళ్ళకు మే నెల రాగానే ఒకటే టెన్షన్. పిట్టగోడ వంగింది, ఛజ్జా పెచ్చులూడుతోంది, తొలకరి లోపు ఏదో ఒకటి చేసెయ్యాలి. అప్పుడు మేస్త్రి వస్తాడు. గోడ మీద రెండు దెబ్బలు తట్టి, "ఏం కాదు సేఠ్, పాతది కొట్టేసి పది రోజుల్లో కొత్తది లేపుతా" అంటాడు. పని మధ్యలో ఆగిపోయి, గోడ సగంలో ఉండగా నోటీసు చేతికొచ్చేది అక్కడి నుంచే.

ముందు మీ ఇల్లు ఎక్కడుందో తేల్చుకోండి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపు నిషిద్ధ ప్రాంతం, ఆ తర్వాత మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. 2010లో సవరించిన పురావస్తు చట్టం చెప్పే లెక్క ఇది. కొలత చార్మినార్ నడిమధ్య నుంచి కాదు, రక్షిత స్థలం హద్దు నుంచి మొదలవుతుంది. ఫోన్‌లో మ్యాప్ తీసి "మాది 110 మీటర్లు" అని ధైర్యంగా ఉన్నవాళ్ళు హద్దు నుంచి కొలిస్తే లోపలే తేలొచ్చు. లాడ్ బజార్ మొదట్లో దుకాణమున్నవాళ్ళకు ఈ అనుమానమే అక్కర్లేదు, వాళ్ళు లోపలే.

నిషిద్ధ ప్రాంతంలో కొత్త కట్టడానికి వీల్లేదు. 1992 జూన్ 16కు ముందు నుంచే ఉన్న ఇంటికి, లేదా ఆ తర్వాత పురావస్తు శాఖ అనుమతితో కట్టినదానికి మాత్రం మరమ్మతు చేసుకోవడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మరమ్మతు ఒకటి, పడగొట్టి మళ్ళీ కట్టడం ఇంకొకటి. రెండోది నియంత్రిత ప్రాంతంలో అడగొచ్చు, 100 మీటర్ల లోపల అడగడానికే లేదు. మరమ్మతుకు అనుమతి తెచ్చుకుని, "గోడ పుచ్చిపోయింది" అని మొత్తం దింపేస్తే మీ చేతిలోని కాగితం ఆ పనికి చెల్లదు. దీనికి రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మేస్త్రి మీదికి నెట్టేసి మీరు తప్పించుకోలేరు. అందుకే ఏ గోడ ముట్టుకోవాలి, ఏది ముట్టుకోకూడదు అన్నది కాగితం మీద రాసి, మేస్త్రికి చదివి వినిపించి మరీ పని మొదలుపెట్టించండి.

ఇక టైం. చట్టం ప్రకారం అధీకృత అధికారి మీ దరఖాస్తును 15 రోజుల్లో ఢిల్లీలోని జాతీయ స్మారక కట్టడాల ప్రాధికార సంస్థకు పంపాలి. అక్కడ రెండు నెలలు. సిఫార్సు తిరిగొచ్చాక మీకు జవాబివ్వడానికి ఇంకో నెల. అన్నీ సక్రమంగా నడిచినా మూడున్నర నెలలు. మే నెలలో మేస్త్రి దిగాలంటే సంక్రాంతికే దరఖాస్తు లోపల పడాలి. ఆఫీసు గేటు దగ్గర "వారంలో చేయిస్తా" అనేవాళ్ళు తగులుతారు. ఢిల్లీలో కదలాల్సిన ఫైలును వాళ్ళు ఇక్కడ నిలబడి ఎలా కదిలిస్తారో అడగండి.

దరఖాస్తు వెనక్కి రావడానికి ఎక్కువగా కాగితాలే కారణం. ఇల్లు పాతదని చూపడానికి 1992కు ముందటి ఆస్తి పన్ను రసీదు, కరెంటు బిల్లు, రిజిస్టర్డ్ దస్తావేజు వెతికి పెట్టుకోండి. నిషిద్ధ ప్రాంతంలో అద్దెకున్నవాళ్ళు సొంతంగా పెట్టడం కుదరదు, యజమాని సంతకం కావాలి. వక్ఫ్ ఆస్తి అయితే ఆ బోర్డు సంగతి ముందే తేల్చుకోవాలి. ఫొటోలు వీధి అవతల నుంచి ఒకటి, ప్రతి పగులుకూ దగ్గరగా ఒకటి తీయండి. పగులు పక్కన టేపు పెట్టి తీస్తే వెడల్పు ఎంతో ఎవరూ వాదించలేరు. నియంత్రిత ప్రాంతంలో గోడలు జరపడం, అంతస్తు పెంచడం లాంటివైతే జీహెచ్‌ఎంసీ అనుమతి వేరుగా కావాలి. పురావస్తు చట్టం కింద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఒక్కటీ వచ్చిందని ఆగకండి.

"హెరిటేజ్ రూల్ ఎప్పుడో ఎత్తేశారు కదా" అనే మాట బజార్లో బాగా తిరుగుతోంది. 2015లో తీసేసింది పట్టణాభివృద్ధి నిబంధనల్లో వారసత్వ కట్టడాలను కాపాడే రెగ్యులేషన్ 13ను. అది కేంద్ర చట్టం జోలికి రాదు, పైగా రాష్ట్రం 2017లో వారసత్వ చట్టం తెచ్చింది. ఎర్రమంజిల్ పాత ప్యాలెస్ కూల్చి అక్కడ అసెంబ్లీ కడదామని స్వయంగా ప్రభుత్వమే అనుకుంటే 2019లో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. మన ఛజ్జా ఎంత!

అనుమతి వచ్చాక కూడా ఇంటిని పాడుచేసేది సిమెంటే. పాతబస్తీ గోడలు చాలావరకు సున్నంతో కట్టినవి. గోడ పీల్చుకున్న తేమ సున్నం గుండా బయటికి పోతుంది. పైన సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. రెండు వానాకాలాలయ్యాక వేలి కణుపుతో తట్టి చూడండి, లోపల బోలుగా మోగుతుంది. అంటే పూత గోడను వదిలేసిందన్నమాట, ఇక అది పలకలు పలకలుగా ఊడి నడిచేవాళ్ళ నెత్తిన పడుతుంది. బెల్లం, కరక్కాయ నీళ్ళు కలిపిన డంగు సున్నం ఖర్చెక్కువే, చేసే మేస్త్రులూ తక్కువే. అయినా నేనైతే వీధి వైపు గోడకు దానికే ఓటేస్తాను. ఎండాకాలంలో పూత తొందరగా ఆరిపోయి నెర్రెలు విచ్చకుండా తడి గోనె సంచులు కప్పాలి. మే ఆఖరుకు పని ముగిసిపోవాలి, పచ్చి సున్నం మీద వాన పడితే కూలీ డబ్బులు కూడా కొట్టుకుపోతాయి.

బోర్డులు, ఏసీ బయటి యూనిట్లు, రోల్ షట్టర్లు కూడా దరఖాస్తులో రాసేయండి. పత్తర్‌గట్టీ లాంటి చోట రాతి కమాను మీద డ్రిల్లు పెట్టి కొట్టిన కన్నం మళ్ళీ పూడదు. పిట్టగోడ సందులో మొలిచిన రావి మొక్కను లాగకండి, రాయితో సహా వస్తుంది. కాండం కోసి, వేరు ఎండాక తీయించాలి.

ఇవేవీ చేయకముందే వానలొచ్చేస్తే, గోడ నిజంగా ప్రమాదకరంగా ఉంటే, సొంతంగా కూల్చకండి. కర్ర గుంజలతో ఆసరా పెట్టించి, ఆ గదిలోంచి మనుషుల్ని ఖాళీ చేయించి, గోడ కింద నుంచి ఎవరూ నడవకుండా తాడు కట్టించండి. అదే రోజు ఫొటోలతో జీహెచ్‌ఎంసీకి, పురావస్తు శాఖకు రాసి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

పని నడుస్తున్నన్నాళ్ళూ అనుమతి నకలు లామినేట్ చేయించి గుమ్మం దగ్గరే తగిలించండి. తనిఖీకి ఎవరైనా వచ్చే వేళకు మీరు ఇంట్లో ఉండకపోవచ్చు, మేస్త్రి మాత్రం ఉంటాడు.