ఎండాకాలంలో కోళ్ల షెడ్డు ఎరువు ఎత్తేముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

యాసంగి వరి కోతలు ముగిసి పొలాలు ఖాళీ అయ్యాక, వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో కోళ్ల షెడ్ల నుంచి లిట్టరు (నేల మీద పరిచిన ఊక, అందులో కలిసిన రెట్ట) ఎత్తి దుక్కులకు తోలే పని మొదలవుతుంది. ఎండ 43 డిగ్రీలు దాటే ఆ రోజుల్లో ఊక బాగా ఎండిపోయి, పార వేసిన ప్రతిసారీ పొగలా దుమ్ము లేస్తుంది. ఊరివాళ్లకు, షెడ్డు యజమానికి మధ్య కంపు గురించి మాట పట్టింపులు వచ్చేది కూడా ఎక్కువగా ఈ సమయంలోనే.

కంపు అంటే గాలిలో కలిసిన వాయువు మాత్రమేనని చాలామంది అనుకుంటారు. ఎండిన రెట్ట, ఈకల పొడి, చర్మపు పొలుసులు, మక్కల దాణా పిండి, ఊక నలుసులు కలిసిన ఈ దుమ్ము రేణువుల మీద, రెట్ట కుళ్లినప్పుడు పుట్టే కొవ్వు ఆమ్లాలు, ఫీనాల్ జాతి పదార్థాలు, ఇండోల్ లాంటి కంపు పదార్థాలు, కొంత అమ్మోనియా అంటుకొని ఉంటాయి. వాయువు గాలిలో త్వరగా పలచబడుతుంది; రేణువు మాత్రం తనకు అంటిన వాసనను అలాగే మోసుకొచ్చి ముక్కులోని తడి పొర మీద దింపుతుంది. షెడ్డులో పనిచేసి వచ్చి దండెం మీద ఆరేసిన చొక్కా మర్నాడు పొద్దున కూడా అదే కంపు కొడుతుంది. కిటికీలోంచి పడే ఎండలో దాన్ని ఒక్కసారి దులిపితే, ఆ కంపును మోసిన నలుసులు కళ్లముందే తేలుతాయి. అందుకే ఫినాయిల్ చల్లడం, వేపాకు పొగ వేయడం వల్ల ప్రయోజనం ఉండదు, పైగా పొగ ఊపిరికి మరో భారం. ఆపవలసింది దుమ్మును.

ముందు లిట్టరు తడిని చూడాలి. గుప్పెడు తీసి గట్టిగా పిసికి వదిలినప్పుడు కాస్త అతుక్కొని మెల్లగా విడిపోతే తడి సుమారు 20 నుంచి 25 శాతం ఉన్నట్టు, పనికి అదే అనువైనది. ఇసుకలా జారిపోతే ముందు రోజు సాయంత్రం సన్న తుంపరగా నీళ్లు చల్లాలి. పైపు పెట్టి పారించకూడదు, ఎందుకంటే ముద్దగా తడిసిన రెట్టలో అమ్మోనియా జోరుగా పుడుతుంది. ఎత్తే ముందు లిట్టరు మీద సున్నం చల్లడం కూడా పొరపాటే, ఎందుకంటే సున్నపు క్షారం రెట్టలోని అమ్మోనియాను గాలిలోకి తరిమేస్తుంది. సున్నం షెడ్డు ఖాళీ చేసి కడిగిన తరువాత నేలకు, గోడలకు వేసుకోవాలి.

జాలీల మీద, ఫ్యాన్ రెక్కల మీద దూదిలా పేరుకున్న బూజును కరెంటు పూర్తిగా ఆపి తడిగుడ్డతో తుడవాలి. పొడి చీపురుతో కొడితే అది మళ్లీ గాలిలోకే లేస్తుంది. ఉదయం 7 నుంచి 10 గంటల మధ్య పని పెట్టుకుంటే మనుషులకు వడదెబ్బ భయం తక్కువ, ఎండకు నేల వేడెక్కి గాలి కదలడం మొదలవుతుంది కాబట్టి వాసన ఒకేచోట నిలవదు. పొద్దుగూకాక గాలి స్తంభిస్తే కంపు నేలబారుగా ఊరి మీద పరుచుకుంటుంది. గాలి ఇళ్లవైపు వీచే రోజైతే పని వాయిదా వేయడమే మర్యాద.

ముఖానికి తువ్వాల చుట్టుకోవడం చాలదు. 10 మైక్రాన్లకంటే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చిన్న రేణువులు కంటికి కనిపించకుండానే ఊపిరిలోకి వెళ్తాయి, కాబట్టి ముక్కు దగ్గర బిగుతుగా కూర్చునే ఎన్95 మాస్కు ప్రతి కూలీకీ ఇవ్వాలి. దాన్ని కొనిపెట్టే బాధ్యత యజమానిదే. అయితే ఆ మాస్కు అమ్మోనియాను ఆపదు. కళ్లు మండి నీళ్లు కారితే బయటికి వచ్చేయాలి. వాసన అలవాటైపోయిన ముక్కు ప్రమాదాన్ని గుర్తించదు. ఉబ్బసం ఉన్నవారిని, గర్భిణులను, పిల్లలను ఈ పనికి పిలవకూడదు.

ట్రాక్టరు ట్రాలీని టార్పాలిన్ కప్పి, అంచులు కట్టి తోలాలి. పొలంలో పోసిన ఎరువును వీలైతే అదే రోజు దున్నేసి మట్టిలో కలపాలి. అప్పుడు దుమ్ము లేవదు, నత్రజని కూడా గాలిపాలు కాకుండా పంటకు మిగులుతుంది. కుప్పగా ఉంచవలసి వస్తే బావికి, ఇళ్లకు దూరంగా పోసి కప్పాలి.

ఇంటికి రాగానే బట్టలు వాకిట్లోనే విడిచి, స్నానం చేసిన తరువాతే చంటిపిల్లలను ఎత్తుకోవాలి. పని ముగిసిన కొన్ని గంటలకు చలిజ్వరం, ఒళ్లు నొప్పులు, ఛాతీ బిగబట్టినట్టు ఉండటం కనిపిస్తే ఎండదెబ్బ అని సరిపెట్టుకోకుండా వైద్యుడికి చూపించుకోవాలి, దుమ్ములో పనిచేసిన సంగతిని ముందే చెప్పాలి.