అరుదైన కారు బ్యాడ్జికి నకలు పోయించడం – నాలుగవ పాఠం: తగ్గిపోయే కొలతలు

ఈ పాఠంలో ప్లేటింగ్ (పోత మీద రాగి, నికెల్, క్రోమ్ పూతలు వేయించడం) గురించి చెప్పవలసి ఉంది. అయితే మూడవ పాఠం చదివి, సిలికాన్ అచ్చు తీసి, ఇత్తడి పోత పోయించుకున్నవారిలో చాలామంది ఒకే చోట ఆగిపోయారు. నకలు చూడచక్కగా వచ్చింది, అక్షరాల అంచులు పదునుగా దిగాయి, తీరా డిక్కీ మూత మీద పెట్టబోతే వెనుకనున్న స్టడ్లు (బ్యాడ్జిని రేకుకు పట్టి ఉంచే చిన్న కడ్డీలు) రంధ్రాలలో కూర్చోలేదు. కొందరు స్టడ్లను పక్కకు వంచి లోపలికి దూర్చారు, ఒకరిద్దరు ఏకంగా డిక్కీ రేకులోని రంధ్రాలనే ఆకురాయితో సాగదీశారు. అందువల్ల ప్లేటింగును వచ్చే పాఠానికి వాయిదా వేసి, ఈ ఒక్క చిక్కును మొదలంటా విప్పుదాం.

ముందుగా ఒక మాట గట్టిగా చెప్పాలి. బ్యాడ్జి సరిపోలేదని కారు రేకును కోయకండి. నకలు చెడితే కరిగించి మళ్లీ పోయించుకోవచ్చు, కానీ యాభై ఏళ్లనాటి రేకులో సాగిన రంధ్రం వెనుక బిగించే క్లిప్పు పట్టు తప్పుతుంది, గీరిన అంచున రంగు పోయి వాననీరు దిగి తుప్పు మొదలవుతుంది. ఇప్పటికే సాగదీసినవారు ఆ అంచుకు వెంటనే ప్రైమరు పూయండి.

మనం మొదటి పాఠం నుంచీ తీసుకుంటున్న ఉదాహరణ ప్రీమియర్ ప్రెసిడెంట్. బొంబాయి కుర్లా కర్మాగారంలో తయారైన ఫియట్ 1100 డిలైట్ కారు 1970ల తొలి సంవత్సరాలలో కొద్దికాలం మాత్రమే ఈ పేరుతో అమ్ముడై, ఆ తరువాత ప్రీమియర్ పద్మినిగా మారింది. పద్మిని దశాబ్దాలపాటు తయారైంది కనుక దాని పేరుపలక పాత సామాన్ల దుకాణాలలో వెతికితే దొరుకుతుంది. ప్రెసిడెంట్ పలక అలా దొరకదు కాబట్టే నకలు పోయించుకోవలసి వస్తున్నది. మద్రాసులో తయారైన స్టాండర్డ్ గజెల్ యజమానులదీ ఇదే పరిస్థితి.

ఇక చిక్కు ఎక్కడ పుట్టిందో చూద్దాం. ఒక పలకలో చివరి రెండు స్టడ్ల మధ్య దూరం 140 మిల్లీమీటర్లు అనుకోండి. తగరం ఉత్ప్రేరకంతో గట్టిపడే మామూలు సిలికాన్ దాదాపు 0.4 శాతం కుంచించుకుపోతుంది కాబట్టి అచ్చులో ఆ దూరం 139.4 అవుతుంది. అందులో పోసిన మైనం చల్లారేటప్పుడు సుమారు 1 శాతం తగ్గి, అది 138 అవుతుంది. ఆ మైనాన్ని ప్లాస్టరులో పాతి, కరిగించి తీసి, ఖాళీలో ఇత్తడి పోస్తే, ద్రవంగా ఉన్న ఇత్తడి గట్టిపడి గది వేడికి దిగేలోపు మరో 1.5 శాతం తగ్గుతుంది. చివరకు చేతికి వచ్చేది 136 మిల్లీమీటర్ల పలక. రేకులోని రంధ్రం 4 మిల్లీమీటర్లు, స్టడ్డు 3 మిల్లీమీటర్లు ఉంటే, రెండు చివరలా కలిపి మనకున్న వెసులుబాటు 1 మిల్లీమీటరే. ఎడమ స్టడ్డు రంధ్రంలో దిగుతుంది, కుడి స్టడ్డు రంధ్రం అంచు దాటి లోపలి వైపు రంగు మీద నిలుస్తుంది. పోత పనివాడి తప్పు ఇందులో ఏమీ లేదు. ఒక్కో దశలో కంటికి ఆనని తరుగుదల మూడు దశలలో కలిసి 4 మిల్లీమీటర్లయింది, అంతే.

ప్లాటినంతో గట్టిపడే సిలికాన్ వాడితే మొదటి తరుగుదల 0.1 శాతం కన్నా తక్కువకు దిగుతుంది. ఖరీదు ఎక్కువైనా నేను అదే వాడతాను. అయితే గంధకం తగిలితే అది గట్టిపడదు. బ్యాడ్జి చుట్టూ గట్టు కట్టడానికి వాడే బంకమట్టిలో గంధకం లేదని డబ్బా మీద చూసుకోవాలి, రబ్బరు చేతితొడుగులు వేసుకోకూడదు. అచ్చు లోపలి వైపు జిగురుగా మిగిలిపోయిందని రాసినవారి సమస్య ఇదే.

తరుగుదలను అంచనా వేయడానికి పుస్తకంలోని శాతాలు చాలవు. కొలిమిలో కాలేటప్పుడు ప్లాస్టరు అచ్చు కొంత వ్యాకోచిస్తుంది, మైనం రకాన్ని బట్టి కూడా తేడా వస్తుంది, కనుక అసలు అంకె ఒక కార్ఖానాకూ మరో కార్ఖానాకూ మారుతుంది. మీ బ్యాడ్జి పోసే చోటనే, అదే సిలికాన్, అదే మైనం, అదే ఇత్తడితో 100 మిల్లీమీటర్ల పట్టీని ముందుగా పోయించండి. అది 97.4 వచ్చిందనుకోండి, మీకు కావలసిన ప్రతి కొలతనూ 0.974తో భాగిస్తే మూలం, అంటే అచ్చు తీయడానికి వాడే నమూనా, ఎంత పెద్దదిగా ఉండాలో తెలుస్తుంది. 140కి అది 143.7 అవుతుంది. ఈ పట్టీని పోయించకుండా ఎవరూ ముందుకు వెళ్లవద్దు.

మూలాన్ని పెంచడమెలా? అసలు పలకను సాగదీయలేము కాబట్టి దాని ఆకారాన్ని కంప్యూటరులోకి ఎక్కించాలి. చదునైన అక్షరాల పలకకు ఫోను ఫోటో పనికిరాదు, అంచుల దగ్గర ఆకారం వంకరపోతుంది. పలకనూ ఒక ఉక్కు స్కేలునూ పక్కపక్కన ఫ్లాట్‌బెడ్ స్కానరు మీద బోర్లించి తీసిన బొమ్మ చాలు. దాని మీద గీతలు గీసి, లెక్క ప్రకారం పెంచి, రెసిన్‌తో వస్తువులు తయారుచేసే త్రీడీ ప్రింటరులో ముద్రింపజేయవచ్చు. గుండ్రటి, ఉబ్బెత్తు బ్యాడ్జిలకు త్రీడీ స్కాన్ తప్పదు. క్రోమ్ మెరుపును స్కానరు సరిగా చదవలేదు కాబట్టి ముందు మెరుపు తగ్గించే స్ప్రే కొట్టించండి.

ఇన్ని లెక్కలున్నా నేను స్టడ్లను పోతలో ఎప్పుడూ పోయించను. పలకను వెనుక వైపు చదునుగా పోయించి, స్టడ్లను ఆ తరువాత అతికిస్తాను. డిక్కీ మూత మీద పల్చని కాగితం పరచి, పెన్సిలుతో రుద్దితే రంధ్రాల అంచులు దిగుతాయి. ఆ కాగితాన్ని తిప్పి పలక వెనుక అంటించి, రంధ్రాల నడిమి బిందువుల దగ్గర గుంత చేసి, మరలున్న ఇత్తడి కడ్డీ ముక్కలను వెండి టంకంతో నిలపాలి. తరుగుదల లెక్క అర మిల్లీమీటరు తప్పినా పలక కారు మీద కూర్చుంటుంది. ఈ టంకం ప్లేటింగుకు ముందే పూర్తి కావాలి, ఆ మంటకు క్రోమ్ నిలవదు.

నగల కాస్టింగ్ చేసేవారి దగ్గరకు వెళ్లేవారికి రెండు జాగ్రత్తలు. వారి ఫ్లాస్కు (మైనం చుట్టూ ప్లాస్టరు పోసే లోహపు గొట్టం) ఎత్తు ముందే కొలవండి. ఉంగరాలకు వాడే చిన్న ఫ్లాస్కులో పొడవాటి పేరుపలక పట్టదు, రెండు ముక్కలుగా పోసి అతికిస్తామంటే ఒప్పుకోవద్దు, బఫింగ్ (మెరుగు పట్టడం) తరువాత ఆ అతుకు గీతగా బయటపడుతుంది. రెండవది, అసలు బ్యాడ్జిని వారి రబ్బరు ప్రెస్సులో పెట్టనివ్వకండి. నగల అచ్చు రబ్బరును ఒత్తిడితో, దాదాపు 150 డిగ్రీల వేడితో ఉడికిస్తారు. బంగారానికి అది లెక్క కాదు, కానీ ఆ కాలపు బ్యాడ్జిలలో ఎక్కువ భాగం జింకు మిశ్రమంతో పోసినవి, వయసు పెరిగేకొద్దీ పెళుసుబారినవి. సన్నని అక్షరాల మధ్య కడ్డీ ఆ ఒత్తిడికి విరిగితే మూలమే పోతుంది.

నకలు వెనుక పోసిన సంవత్సరాన్ని చిన్నగా కొట్టించండి. రేపు కారు చేతులు మారినప్పుడు దానిని ఎవరూ అసలుదని చెప్పి అమ్మకూడదు.

అభ్యాసం: అసలు బ్యాడ్జిని ముట్టుకోకుండా, ఒకే సిలికాన్ అచ్చు నుంచి 100 మిల్లీమీటర్ల పట్టీలు మూడు, మూడు వేర్వేరు రోజులలో పోయించండి. ప్రతి పట్టీనీ మైనంగా ఉన్నప్పుడూ, ఇత్తడిగా వచ్చాకా, బఫింగ్ అయ్యాకా వెర్నియర్ కాలిపరుతో పొడవు, వెడల్పు, మందం కొలిచి పట్టిక వేయండి. మూడు ఇత్తడి పట్టీల పొడవుల మధ్య తేడా 0.3 మిల్లీమీటరు దాటితే ఆ కార్ఖానాను వదలి మరొకటి చూసుకోండి. పట్టిక పూర్తయినవారే ప్లేటింగ్ పాఠానికి రావాలి, ఎందుకంటే రాగి, నికెల్ పొరలు ఎంత మందం వేయించాలో అందులోని బఫింగ్ అంకెల నుంచే లెక్కిస్తాము.