వర్చువల్ బాయ్ ఫుల్ సెట్: 22 గేములూ సంపాదించడం ఎలా

ఒక కన్సోల్‌కి వచ్చిన గేములన్నీ కొని అల్మరాలో వరసగా పెట్టుకోవాలని చాలామంది అనుకుంటారు. అనుకున్నవాళ్లలో ఎక్కువమంది ప్లేస్టేషన్ 2 లాంటి దాన్ని ఎంచుకుని, వందో గేము దాటకముందే చతికిలపడతారు. నిజంగా పూర్తిచేయాలనుంటే చిన్న సెట్ ఎంచుకోండి. నింటెండో వర్చువల్ బాయ్ అంటే స్టాండ్ మీద పెట్టి, కళ్లు ఆనించి చూస్తూ ఆడే కన్సోల్. దానికి వచ్చినవి మొత్తం 22 గేములే. అలాగని ఇది తేలిక పని కాదు. 22లో 17 దాకా డబ్బుంటే నెలల్లో వచ్చేస్తాయి. అసలు కథ మిగతా ఐదింటిదే.

వర్చువల్ బాయ్ జపాన్‌లో 1995 జూలై 21న, ఉత్తర అమెరికాలో ఆ ఆగస్టులో విడుదలైంది. ఈ రెండు మార్కెట్లలో తప్ప ఇంకెక్కడా అధికారికంగా అమ్మలేదు. అమ్ముడుపోయినవి దాదాపు 7.7 లక్షలు. నింటెండో లెక్కలో అది ఘోర పరాజయం. జపాన్‌లో చివరి గేములు 1995 డిసెంబర్ 22న వచ్చాయి, అంటే అక్కడ దీని ఆయుష్షు ఐదు నెలలు. ఆ చివరి నెలలో వచ్చిన గేముల్ని కన్సోల్ పోయిందని తెలిసిపోయాక ఎవరు కొంటారు? దుకాణాలూ తెప్పించుకోలేదు. అందుకే డిసెంబర్ గేములు ఇప్పుడు బంగారమయ్యాయి.

ముందు లెక్క తేల్చుకోండి

జపాన్‌లో 19 గేములు, అమెరికాలో 14 గేములు వచ్చాయి. రెండు చోట్లా వచ్చినవి 11. కాబట్టి "ఫుల్ సెట్" అనే మాటకి మూడు అర్థాలున్నాయి: అమెరికా సెట్ 14, విడివిడి గేములు 22, రెండు దేశాల క్యాట్రిడ్జిలూ (గేము ఉండే ప్లాస్టిక్ డబ్బీలు) కలిపి 33. దీనికి రీజియన్ లాక్ లేదు. జపాన్ క్యాట్రిడ్జి అమెరికా మెషీన్లో మామూలుగా ఆడుతుంది, అటుది ఇటూ ఆడుతుంది. కాబట్టి ఒక్క మెషీన్ చాలు. మా సలహా 22 మీదే గురిపెట్టమని. 33కి వెళితే అదే గేము రెండోసారి కొంటున్నట్టే.

రెండు దేశాల్లోనూ వచ్చినవి: మారియోస్ టెన్నిస్, మారియో క్లాష్, వారియో ల్యాండ్, టెలిరోబాక్సర్, గెలాక్టిక్ పిన్‌బాల్, రెడ్ అలార్మ్, పానిక్ బాంబర్, వర్టికల్ ఫోర్స్, గోల్ఫ్, వర్చువల్ లీగ్ బేస్‌బాల్, జాక్ బ్రదర్స్.

అమెరికాలోనే వచ్చినవి మూడు: 3డీ టెట్రిస్, నెస్టర్స్ ఫంకీ బౌలింగ్, వాటర్‌వరల్డ్.

జపాన్‌లోనే వచ్చినవి ఎనిమిది: ఇన్స్‌మౌస్ నో యకాటా, స్పేస్ స్క్వాష్, వీ-టెట్రిస్, వర్చువల్ ఫిషింగ్, వర్చువల్ ల్యాబ్, స్పేస్ ఇన్వేడర్స్ వర్చువల్ కలెక్షన్, ఎస్‌డీ గుండామ్ డైమెన్షన్ వార్, వర్చువల్ బౌలింగ్.

కొత్తగా దిగినవాళ్లు పప్పులో కాలేసేది ఈ జాబితాలోని పేర్ల దగ్గరే. గోల్ఫ్ జపాన్‌లో "టీ అండ్ ఈ వర్చువల్ గోల్ఫ్", బేస్‌బాల్ అక్కడ "వర్చువల్ ప్రో యాక్యూ 95", పానిక్ బాంబర్ అక్కడ "తొబిదాసె పానిబోన్". పేరు వేరుగా ఉంది కదా, కొత్త గేము అనుకుని ఉన్నదే మళ్లీ కొనేస్తారు. దీనికి తలకిందుల పొరపాటు ఇంకొకటి ఉంది. వీ-టెట్రిస్, 3డీ టెట్రిస్ ఒకటే అనుకుని ఒకటి వదిలేస్తారు. అవి పూర్తిగా వేరు గేములు. నెస్టర్స్ బౌలింగ్, వర్చువల్ బౌలింగ్ సంగతీ అంతే. ధరలో అయితే ఈ రెండు బౌలింగులకీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా. లేబుల్ మీద కోడ్ చూడటం అలవాటు చేసుకోండి: వీయూఈతో మొదలై, చివర యూఎస్‌ఏ అనో జేపీఎన్ అనో ఉంటుంది.

తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది. ఒట్టి క్యాట్రిడ్జి చాలా, పెట్టె, మాన్యువల్‌తో సహా కావాలా? పెట్టెతో అంటే లోపలి అట్ట ట్రే, మాన్యువల్, హెచ్చరికల పుస్తకం, క్యాట్రిడ్జి కాంటాక్టులకు తొడిగే చిన్న ప్లాస్టిక్ మూత అన్నీ ఉండాలి. ఆ మూత లేకుండానే "కంప్లీట్" అని అమ్మేవాళ్లు బోలెడంతమంది. అడిగి ఫొటో తెప్పించుకోండి. అమెరికాలో మారియోస్ టెన్నిస్ మెషీన్‌తో పాటే ఇచ్చారు, కాబట్టి దానికి విడిగా పెట్టె కోసం వెతుక్కోవద్దు.

మెషీన్ కొనేటప్పుడు

గేములకన్నా ముందు మెషీన్ చూసుకోండి, ఎందుకంటే కొన్న ప్రతి క్యాట్రిడ్జినీ వారంలోపు పరీక్షించాలి. రిటర్న్ గడువు దాటాక పని చేయడం లేదని తెలిస్తే లాభం లేదు.

ఈ మెషీన్‌కి పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటుంది. ఒక్కో కంటికి 224 ఎర్ర ఎల్ఈడీల నిలువు వరస ఉంటుంది. దాని ఎదురుగా అద్దం వేగంగా ఊగుతూ ఆ ఒక్క వరసనే 384 నిలువు గీతలుగా పరిచి బొమ్మలా చూపిస్తుంది. ఆ ఎల్ఈడీ బోర్డుకి సిగ్నల్ తెచ్చే పల్చటి రిబ్బన్ కేబుల్‌ని టంకం పెట్టకుండా జిగురుతో అంటించారు. ముప్పై ఏళ్లకి ఆ జిగురు వదిలేస్తోంది. మొదట కొన్ని అడ్డగీతలు మాయమవుతాయి, తర్వాత బొమ్మ చెల్లాచెదురవుతుంది, చివరికి ఆ కంట్లో ఏమీ కనిపించదు. కాసేపు వేడెక్కాక బొమ్మ సర్దుకుంటే అదీ ఈ జబ్బే. "నా దగ్గర బాగానే ఉంది" అన్న మాట నమ్మకుండా, చల్లటి మెషీన్ ఆన్ చేసిన వెంటనే రెండు కళ్లద్దాల్లోంచీ విడివిడిగా తీసిన వీడియో అడగండి.

రిపేరుకి రెండు దారులున్నాయి. కేబుల్ అతుకుని వేడి చేసి నొక్కితే జిగురు మళ్లీ పట్టుకుంటుంది. ఓవెన్లో పెట్టే పద్ధతి కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. ఇది తాత్కాలికం, మళ్లీ ఊడుతుంది. శాశ్వతంగా కావాలంటే టంకమే. ముందు మెషీన్ విప్పడానికి 4.5 మిల్లీమీటర్ల నింటెండో సెక్యూరిటీ బిట్ (మామూలు స్క్రూడ్రైవర్ పట్టని స్క్రూలకి వాడే మొన) కావాలి. స్క్రూలు లోతైన గుంటల్లో ఉంటాయి కాబట్టి పొడవుగా, సన్నగా ఉన్న బిట్ కొనండి, లావు హోల్డర్ లోపలికి దూరదు. డిస్‌ప్లే యూనిట్ బయటికి తీశాక కేబుల్ కొస మీద రాగి గీతల్ని కప్పిన ప్లాస్టిక్ పొరని పదునైన బ్లేడుతో కొద్దికొద్దిగా గీకి తీయాలి. ఇక్కడే ఎక్కువమంది చెడగొడతారు: బ్లేడు కాస్త లోతుగా దిగితే రాగి గీత తెగుతుంది. ఫ్లక్స్ (టంకం బాగా పట్టడానికి రాసే పదార్థం) రాసి, సన్నమొన ఐరన్‌తో గీతలకు ముందు టంకం పూత పెట్టి, బోర్డు మీద కాంటాక్టులకి ఎదురెదురుగా సరిగ్గా ఆనించి, ఒక్కొక్కటే అతకాలి. ఐరన్ ఒకేచోట ఎక్కువసేపు ఆనిస్తే గీత బోర్డు నుంచి లేచిపోతుంది. అంత చిన్న టంకం చేయి తిరగకపోతే మొబైల్ బోర్డులు బాగుచేసే మనిషికివ్వండి, మైక్రోస్కోప్ కింద వాళ్లకిది పెద్ద పని కాదు. విప్పినప్పుడు అద్దాన్ని గుడ్డతో తుడవొద్దు, బ్లోయర్‌తో గాలి ఊదితే చాలు.

మిగతావి త్వరగా చూసుకోవచ్చు. స్టాండ్ కాళ్లు మెషీన్‌కి పట్టుకునే క్లిప్ విరిగిందేమో చూడండి. కళ్లకి ఆనే ఫోమ్ తొడుగు ఉందా, పొడిపొడిగా రాలుతోందా? కంట్రోలర్ వెనక బ్యాటరీ డబ్బాలో స్ప్రింగులు తుప్పు పట్టాయా? పవర్‌కి ఆరు ఏఏ సెల్స్ వాడటం అన్నిటికన్నా క్షేమం. అడాప్టర్‌తో నడపాలంటే విడిగా ఒక ట్యాప్ ముక్క కావాలి, దానికి సూపర్ నింటెండో అడాప్టర్ తగిలిస్తారు. అమెరికా అడాప్టర్ 120 వోల్టులకి, జపాన్‌ది 100 వోల్టులకి చేసింది. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టారో, కాలిపోతుంది. వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

కొనే వరస

తేలికగా దొరికేవి ముందు కొనాలనిపిస్తుంది. మేం ఉల్టా చెబుతాం: బడ్జెట్‌లో సింహభాగం జపాన్ డిసెంబర్ గేములకి పక్కన పెట్టండి, అవి మంచి ధరకి కనబడిన రోజే కొనండి. రెడ్ అలార్మ్, మారియో క్లాష్ ఎప్పుడైనా దొరుకుతాయి. కష్టమైనవి ఇవీ:

వర్చువల్ బౌలింగ్, ఎస్‌డీ గుండామ్ డైమెన్షన్ వార్. రెండూ 1995 డిసెంబర్ 22 నాటివి. పెట్టెతో కావాలంటే లెక్క వందల డాలర్లతో ఆగదు. స్పేస్ ఇన్వేడర్స్, వర్చువల్ ల్యాబ్ ఆ తర్వాతి మెట్టు. వర్చువల్ ల్యాబ్ లేబుల్ మీద నింటెండో స్పెల్లింగే తప్పు పడింది, ఎన్ అక్షరాలు రెట్టింపయ్యాయి. అది చూసి నకిలీ అనుకుని వదిలేయకండి, అసలుది అలాగే ఉంటుంది. ఆటగా అది అంతంతమాత్రమే అనేది వేరే విషయం. ఐదోది జాక్ బ్రదర్స్. అమెరికా సెట్లో అన్నిటికన్నా ఖరీదైనది ఇదే. 22 మీద గురిపెట్టినవాళ్లు దీని జపాన్ కాపీ తీసుకున్నా లెక్క సరిపోతుంది.

అమెరికా గేములకి ఈబే, జపాన్ గేములకి యాహూ ఆక్షన్స్ జపాన్, మెర్కారీ జపాన్. జపాన్ సైట్లు విదేశాలకి నేరుగా పంపని అమ్మకందారులతో నిండి ఉంటాయి కాబట్టి బయ్యీ, జెన్‌మార్కెట్ లాంటి ప్రాక్సీ సంస్థల ద్వారా కొనాలి. అవి అక్కడి తమ గోడౌన్‌లో సరుకు తీసుకుని మీకు పంపుతాయి. ఒక్కో పార్సిల్ విడిగా తెప్పిస్తే పోస్టేజీకే జేబు ఖాళీ. నాలుగైదు కొన్నాక కలిపి పంపమనండి. కానీ గోడౌన్‌లో ఉచితంగా ఉంచే గడువు ముందే చూసుకోండి. జపనీస్ లిస్టింగుల్లో "హాకో సెత్సు" అంటే పెట్టె, మాన్యువల్ ఉన్నాయని, "దోసా మికకునిన్" అంటే పనిచేస్తుందో లేదో చూడలేదని. "జంక్" అని రాస్తే పనిచేయకపోయినా రిటర్న్ ఉండదు. కాంటాక్టులు మురికి పట్టిన క్యాట్రిడ్జిలు జంక్‌లో చవగ్గా దొరుకుతుంటాయి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన ఇయర్‌బడ్‌తో తుడిస్తే చాలావరకు లేచి కూర్చుంటాయి. ఈ ఆల్కహాల్ హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అడిగితే ఇస్తారు.

ధర తేల్చుకునేటప్పుడు అమ్మకందారు అడుగుతున్న ధర చూడొద్దు, అమ్ముడైపోయినవి చూడండి. ఈబేలో "సోల్డ్" ఫిల్టర్ పెడితే వస్తాయి. గేముల ధరలు లెక్కగట్టే ప్రైస్‌చార్టింగ్ సైటు కూడా చూడొచ్చు, కానీ నెలకి ఒకటో రెండో అమ్ముడయ్యే గేములకి దాని సగటు ఎటుపడితే అటు ఊగుతుంది. ఆఖరి ధరకి షిప్పింగ్, కస్టమ్స్ సుంకం, కొరియర్ వాళ్ల రుసుం కలుపుకోండి. అమెరికాలో చుట్టాలుంటే చిన్న క్యాట్రిడ్జిలు వాళ్లకి తెప్పించి, వచ్చేటప్పుడు తెమ్మనడం మనవాళ్లకి తెలిసిన దారే. అయితే ఖరీదైన గేముని ఇలా తెప్పిస్తే అది మీ చేతికొచ్చేలోపు రిటర్న్ గడువు అయిపోతుంది. వాళ్లు పార్సిల్ రాగానే తీసి, లేబుల్, లోపలి బోర్డు ఫొటోలు పంపమనండి.

నకిలీల సంగతి. పై ఐదింటికీ కొత్తగా అచ్చేసిన కాపీలు తిరుగుతున్నాయి, పెట్టెలతో సహా. లేబుల్ రంగు మరీ తాజాగా, అక్షరాల అంచులు చుక్కలు చుక్కలుగా ఉంటే అనుమానించండి. అనుమానం తీరాలంటే క్యాట్రిడ్జి విప్పి బోర్డు చూడటమొక్కటే దారి. వేల రూపాయలు పెట్టేటప్పుడు బోర్డు ఫొటో ఇవ్వని అమ్మకందారు దగ్గర కొనకండి. "బౌండ్ హై" అనే క్యాట్రిడ్జి కనిపిస్తే అది 1990ల్లో రద్దయిపోయిన గేముకి తర్వాతెప్పుడో అభిమానులు చేసుకున్నది. సరదాగా ఉంటే కొనుక్కోండి, 22లో మాత్రం లెక్క కాదు.

దాచుకోవడం

మన వాతావరణంలో అట్టపెట్టెకి అసలు శత్రువు తేమ. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల వానాకాలం రెండు నెలల్లో పెట్టె అంచులు ఉబ్బి, మాన్యువల్ పేజీలకి బూజు మచ్చలు పడతాయి. ఒక్కో పెట్టెకి ప్లాస్టిక్ ప్రొటెక్టర్ వేసి, మూత బిగుతుగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. జెల్ రంగు మారగానే మార్చండి. ప్రొటెక్టర్లు కొనే ముందు మీ పెట్టెని స్కేలుతో కొలవండి, ఒకే సైజు అన్నిటికీ పట్టదు. చెక్క అల్మరా గోడకి ఆనించొద్దు, చెదలు గోడ వెంటే వస్తాయి.

మెషీన్‌ని మూలపెట్టే ముందు కంట్రోలర్లోంచి సెల్స్ తీసేయండి. వారియో ల్యాండ్, టెలిరోబాక్సర్ సేవ్ చేసే గేములు కాబట్టి క్యాట్రిడ్జిలోపలే బటన్ సెల్ ఉంటుంది. సేవ్ నిలవడం లేదంటే అది అయిపోయినట్టే. విప్పి సెల్ మీదున్న నంబర్ చూసి, అదే నంబర్‌లో టంకం చెవులున్న రకం తెప్పించుకోండి. మామూలు సెల్ కొని దాని మీద నేరుగా ఐరన్ పెడితే పేలే ప్రమాదముంది. పాత సెల్ తీయగానే పాత సేవ్ పోతుంది, కాబట్టి పాత యజమాని రికార్డులు చూడాలని ఉంటే ముందే చూసేసుకోండి.