పొటాషియం, మెగ్నీషియం, కాల్షియం: కంచంలోనే సరిచూసుకోవడం

ఎముకల నొప్పి అంటే కాల్షియం మాత్ర, నీరసం అంటే అరటిపండు. మెగ్నీషియం ఊసే ఎవరూ ఎత్తరు. కానీ ముందు చూడాల్సింది దాన్నే. అది బాగా పడిపోతే కిడ్నీలు పొటాషియాన్ని పట్టి ఉంచలేవు, కాల్షియాన్ని నిలబెట్టే పారాథైరాయిడ్ హార్మోనూ సరిగా ఊరదు. అప్పుడు ఆ రెండూ ఎంత తిన్నా రక్తంలో నిలవవు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల్లో పెద్దవాళ్లకు రోజుకు కాల్షియం 1000 మిల్లీగ్రాములు, పొటాషియం 3500, మెగ్నీషియం మగవాళ్లకు 440, ఆడవాళ్లకు 370.

మెగ్నీషియం పోయేది బియ్యం పాలిష్‌లోనే. 100 గ్రాముల తెల్ల బియ్యంలో 20 దాకా ఉంటే, అంతే జొన్నపిండిలో 130 దాకా ఉంటుంది. అందుకే రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టె తినండి. పక్కన పప్పు, గుప్పెడు వేరుశెనగలు ఉంటే లెక్క చాలావరకు కుదురుతుంది.

కాల్షియానికి 50 గ్రాముల రాగిపిండితో జావ (180), పాలూ పెరుగూ కలిపి అరలీటరు (600 దగ్గర), కూరలో గుప్పెడు మునగాకు. రాగులను రాత్రంతా నానబెట్టి, నీళ్లు వంపేసి, తడిగుడ్డలో మూటకట్టండి. ఒకరోజుకి తెల్లని మొలక ముక్కు కనిపిస్తుంది. అప్పుడు ఆరబెట్టి పట్టిస్తే, ఖనిజాలను ఒంటికి పట్టనివ్వని ఫైటేట్లు తగ్గుతాయి. పాలకూరను మాత్రం కాల్షియం లెక్కలో వేయకండి. అందులోని ఆక్సలేట్లు దాన్ని పట్టేసుకుంటాయి.

పొటాషియం నీళ్లలో కరిగిపోతుంది. కూరగాయలు కడిగాకే కోయండి, కోశాక నానబెట్టకండి. ఉడికించిన నీళ్లను పారబోయకుండా చారులో కలపండి. గంజి వంపే ఇళ్లలో అదీ తాగేయాలి. 50 గ్రాముల కందిపప్పులో పొటాషియం 650 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది, అరటిపండు కన్నా ఎక్కువ.

మాత్ర తప్పనిసరైతే కాల్షియం ఒక్కసారికి 500 మించకుండా వేసుకోవాలి. కార్బొనేట్ రకమైతే భోజనంతో పాటే. ఐరన్ మాత్రతో కలపకూడదు, థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటల ఎడం ఉండాలి.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు పైన చెప్పిన పొటాషియం పద్ధతికి పూర్తిగా ఎదురు నడవాలి: ముక్కలు చిన్నగా కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోయాలి. వాళ్లూ, బీపీకి టెల్మిసార్టన్, రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ వంటివి వాడేవాళ్లూ డాక్టర్ను అడగకుండా ‘లో సోడియం’ ఉప్పు కొనకండి. అందులో సోడియం బదులు కలిపేది పొటాషియం క్లోరైడే. రక్తంలో పొటాషియం పెరిగిపోతే గుండె లయ తప్పుతుంది, ముందస్తు లక్షణాలేవీ కనిపించకపోవచ్చు కూడా.