యుద్ధానంతర బోస్నియా పటాన్ని చదవడం ఎలా

గుంటూరు, విజయవాడ కళాశాలల్లో మానవ భూగోళశాస్త్రం చదువుతూ, ప్రాజెక్టు వ్యాసానికి బోస్నియా-హెర్జెగోవినాను ఎంచుకున్న విద్యార్థుల కోసం ఇది రాస్తున్నాను. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో దొరికే బడి అట్లాసుతో ఈ పని సాగదు. అందులో దేశమంతా ఒకే రంగులో ఉంటుంది. మీకు కావలసినవి 1991, 2013 జనాభా లెక్కల ఆధారంగా మునిసిపాలిటీల వారీగా గీసిన రెండు పటాలు. రెండింటినీ ఒకే కొలతకు ముద్రించుకోండి.

1992లో మొదలైన యుద్ధాన్ని ముగించిన డేటన్ ఒప్పందంపై 1995 డిసెంబరు 14న పారిస్‌లో సంతకాలయ్యాయి. అది దేశాన్ని 51 శాతం భూభాగంతో బోస్నియాక్కులు (బోస్నియా ముస్లింలు), క్రొయాట్లు ప్రధానంగా ఉన్న ఫెడరేషన్‌గానూ, 49 శాతంతో సెర్బులు ప్రధానంగా ఉన్న రిపబ్లికా స్ర్‌ప్‌స్కాగానూ విభజించింది. ఆ సరిహద్దును ట్రేసింగ్ కాగితంపై గీసి ముందు 1991 పటం మీద పెట్టండి. బోస్నియాక్కులు, సెర్బులు, క్రొయాట్లు కలగలిసి ఉన్న ఊళ్ల మీదుగా ఆ గీత ఏ ఆధారమూ లేకుండా సాగిపోతుంది. అదే కాగితాన్ని 2013 పటం మీదికి మార్చితే, చాలాచోట్ల గీతకు ఇటొక రంగు, అటొక రంగు కనిపిస్తుంది. జనం ఎక్కడెక్కడ ఉన్నారో చూసి ఆ గీత గీయలేదు. జనాన్ని తరిమేసిన తరువాత, సైన్యాలు నిలిచిన హద్దులను కొంత సవరించి గీశారు. మీ వ్యాసానికి ఇదే వెన్నెముక కావాలి.

శాతాలను మాత్రమే నమ్మవద్దు. 1995 జూలైలో బోస్నియా సెర్బు సైన్యం ఎనిమిది వేలమందికి పైగా బోస్నియాక్ పురుషులను, బాలురను చంపిన స్రెబ్రెనిత్సానే తీసుకోండి. 2013 లెక్కల్లోనూ అక్కడ బోస్నియాక్కులు సగానికి పైగానే ఉన్నారు. శాతం మాత్రమే చూసినవారికి పెద్దగా ఏమీ మారలేదనిపిస్తుంది. కానీ 1991లో సుమారు 36 వేలున్న ఆ మునిసిపాలిటీ జనాభా 2013 నాటికి సుమారు 13 వేలకు పడిపోయింది. అందువల్ల ప్రతి శాతం పక్కనా మనుషుల సంఖ్యను తప్పనిసరిగా రాయండి. 1991 పట్టికలో ‘ముస్లింలు’ అని ఉన్న జాతి వరుసను 2013లోని ‘బోస్నియాక్’ వరుసతో జతచేయాలి. సోషలిస్టు కాలంలో తమను ‘యుగోస్లావులు’గా నమోదు చేయించుకున్న 5.5 శాతం మందిని మాత్రం విడిగా ఉంచండి; అప్పటి ఉమ్మడి దేశం యుగోస్లావియాతో పాటు చెదిరిపోయిన గుర్తింపు అది.

తరువాత, ప్రభుత్వం చేతుల మీదుగా జాతీయత రూపుదిద్దుకున్న చిన్న వస్తువులను గమనించండి. ఏపీ 07 అంటే గుంటూరు, ఏపీ 16 అంటే విజయవాడ అని బండి నంబరు చూసి మనం గుర్తుపట్టేవాళ్లం. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక అది పోయింది. బోస్నియాలో ఆ గుర్తింపు ప్రాణభయంతో ముడిపడి ఉండేది. ఏ సైన్యం ఏలిన ప్రాంతంలో ఆ సైన్యపు నంబరు పలకే ఉండటంతో, గీత దాటిన కారును వెంటనే పోల్చుకునేవారు. 1998లో లాటిన్, సిరిలిక్ లిపులు రెండింటికీ ఉమ్మడిగా ఉన్న అక్షరాలతో, ఊరిని సూచించని పలకలను, డేటన్ ఒప్పందం అమలును పర్యవేక్షించే అంతర్జాతీయ ప్రతినిధి కార్యాలయం ప్రవేశపెట్టాక జనం నిర్భయంగా అటూ ఇటూ తిరగడం పెరిగింది. అదే ఏడాది జాతీయ పతాకాన్ని కూడా ఆ కార్యాలయమే ఖరారు చేసింది. బడులు మాత్రం అలా కలవలేదు. ఫెడరేషన్‌లోని కొన్ని కాంటన్లలో (జిల్లాల వంటి పాలనా విభాగాల్లో) బోస్నియాక్, క్రొయాట్ పిల్లలు ఒకే భవనంలో వేర్వేరు పాఠ్యప్రణాళికలతో చదివే పద్ధతి చాలాకాలం కొనసాగింది.

2014 నాటి మన రాష్ట్ర విభజనతో దీన్ని పోల్చాలనిపించవచ్చు. దయచేసి పోల్చవద్దు, ఇక్కడ ఎవరినీ తుపాకీ చూపి ఇంట్లోంచి వెళ్లగొట్టలేదు.

చివరగా, పట్టికలో ‘ఇతరులు’ వరుసను చిన్నదని తీసేయకండి. 2013లో వారు 2.7 శాతం. దేశాధ్యక్ష మండలిలోని మూడు స్థానాలు మూడు ప్రధాన జాతులకే పరిమితం కావడంతో రోమా జాతికి చెందిన డెర్వో సెజ్దిచ్, యూదుడైన యాకోబ్ ఫిన్సీ న్యాయపోరాటం చేశారు. అది వివక్షేనని 2009లో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆ తీర్పును వ్యాసంలో ఆ వరుసకు పక్కనే చర్చించండి.